పదకొండు గీతలు

నేను ఒక కుంచెను. ఇప్పుడు పట్టుకుంటే మేకులా తగులుతాను గాని, కుంచెనే. ఉడత తోక వెంట్రుకలు, వాటిని బిగించిన రేకు పట్టీ, ఒక కర్ర పిడి, అంతే నా ఒళ్లు. ఎక్కడ పుట్టానో తెలియదు. బెజవాడలో ఒక రంగుల కొట్టు బీరువాలో మా వాళ్లం పాతికమందిమి పడుకుని ఉంటే, గుడివాడ నుంచి వచ్చిన బోర్డుల పెయింటర్ నాంచారయ్య ఒక్కొక్కరినీ నాలుకతో తడిపి, మొన తేలుతుందో లేదో చూసి, నన్ను ఏరుకున్నాడు.

నాంచారయ్య ఐదో తరగతిలో బడి మానేశాడు. చదువు అబ్బలేదు గాని అక్షరం అబ్బింది. సుద్ద పూసిన దారం పట్టి టప్పున కొడితే బోర్డు మీద తెల్లటి గీత పడేది. ఆ గీతకి వేలాడేసినట్టు అక్షరాలు దింపేవాడు. మనుషులకి తమ పేరు పెద్దగా కనపడాలని ఎంత యావో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వకీలైనా ఇస్త్రీ బండివాడైనా ఒకటే మాట: "ఎదురు కొట్టోడి కంటే ఒక్క అంగుళం పెద్దగా రాయి, నాంచారయ్యా."

పని అయ్యాక నన్ను కిరసనాయిల్లో కడిగి, కొబ్బరినూనె రాసి, మొన తీర్చి, చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ఇల్లు ఊడుస్తూ భార్య సామ్రాజ్యం నన్ను పక్కకి జరిపినా ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచేవాడు.

ఫ్లెక్సీలు వచ్చి మా పని సగం పట్టుకుపోయాయి. మిగతా సగాన్ని ఆయన చెయ్యే పట్టుకుపోయింది.

ఒకరోజు ఎరువుల దుకాణానికి బోర్డు రాస్తున్నాం. మొదటి అక్షరం అరచేయంత ఉంది. చివరికి వచ్చేసరికి బొటనవేలంత అయింది. నేనెంత ఒళ్లు విరుచుకున్నా ఆ చెయ్యి నన్ను సాగనివ్వలేదు. షావుకారు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఏంటయ్యా, నా కొట్టు పోనుపోను చిన్నదైపోతందని జనానికి చెప్తన్నావా?" అన్నాడు. నవ్వాడు. నాంచారయ్య నవ్వలేదు. తుడిచి మళ్లీ రాశాడు. మళ్లీ అంతే.

పార్కిన్సన్స్ అన్నారు. వణకటం ఒక్కటే కాదట, రాత కుంచించుకుపోవటం, నడుస్తూ నడుస్తూ కాలు నేలకి అతుక్కుపోవటం కూడా అందులోవేనట. బెజవాడలో ఈ జబ్బు ఉన్నవాళ్ల సదస్సు జరుగుతుందనీ, పెద్ద డాక్టరు వచ్చి ఎవరేం అడిగినా చెబుతాడనీ ఊళ్లో డాక్టరు చెప్పాడు. నాంచారయ్య అడగదలచింది ఒక్కటే. నా చెయ్యి మళ్లీ బోర్డు రాస్తుందా? సాక్ష్యానికన్నట్టు నన్ను జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. పక్కన సామ్రాజ్యం.

హాల్లో రెండొందల మంది. మెడలో పేర్ల కార్డులు. టీ కప్పులో సగమే పోస్తున్నారు. వేరేచోట అయితే పిసినారితనం అనేవాళ్లు, ఇక్కడ అది మర్యాద. ఎవరి చెయ్యి ఊగినా ఎవరూ తేరిపార చూడటం లేదు. నాంచారయ్య మాత్రం వేదిక వెనక ఫ్లెక్సీ మీది అక్షరాల వైపు చూసి, "వత్తులన్నీ గాల్లో వేలాడతన్నాయి. మనిషి రాసింది కాదుగా" అని గొణిగాడు. ఆ రోజు ఆయన సంతోషించింది ఆ ఒక్కసారే.

డాక్టరు మంచివాడే, మెత్తగా మాట్లాడాడు. ఆఖర్న, "టైము తక్కువగా ఉంది, మీ ప్రశ్నలు చీటీల మీద రాసివ్వండి" అన్నాడు. రాత పోయిందని మొత్తుకోవటానికి వచ్చినవాళ్లని రాసివ్వమన్నారు! అంత చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ అది తట్టలేదు.

పక్క కుర్చీలో రూతమ్మ అని రిటైరైన టీచరు. "నలభై ఏళ్లు పిల్లల దస్తూరీ దిద్దానండీ. ఇప్పుడు నా సంతకం నాకే కనపడదు" అంటూ కలం మూత పెట్టేసింది. సామ్రాజ్యానికి రాయటం రాదు. నాంచారయ్య పళ్లు బిగబట్టి, చీటీ తొడమీద పెట్టుకుని, ఒక్క వాక్యం రాశాడు.

డాక్టరు చీటీలు ఒక్కొక్కటే చదివి జవాబు చెబుతున్నాడు. ఒకటి తీసి కళ్లజోడు పైకి నెట్టాడు, దీపం కిందకి జరిపాడు. "క్షమించాలి, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. చదవలేకపోతున్నాను. ఎవరిదో లేచి అడగండి."

హాల్లో సగం తలలు వంగిపోయాయి. ప్రతివాడూ అది తనదే అనుకున్నాడు.

రూతమ్మ మోచేత్తో పొడిచింది. "మీదేనండీ, నేను చూశాగా. లేవండి."

జేబులో ఉన్న నాకు ఆయన గుండె దడదడ తెలుస్తూనే ఉంది. ఊరంతటికీ పేర్లు రాసి, ప్రతి బోర్డు మూలనా తన పేరు పెట్టుకున్న మనిషి నేల చూపులు చూస్తూ అన్నాడు:

"నాది కాదండీ."

డాక్టరు ఆ చీటీని అట్టడుగున పెట్టేశాడు.

తిరిగి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నాంచారయ్య కాళ్లు అతుక్కుపోయాయి. వెనక జనం ఆగిపోయారు. అక్కడ వ్యాయామాలు నేర్పే అమ్మాయి పరుగున వచ్చి నేలమీద అడుగుకొకటి తెల్లటి టేపు ముక్కలు అతికించింది. "బాబాయ్ గారూ, గుమ్మం చూడకండి. గీత దాటండి చాలు." దాటాడు. ఇంకోటి దాటాడు. సామ్రాజ్యం గుమ్మం పక్కనే నిలబడి ఆ గీతల్నే చూస్తోంది.

మర్నాడు పొద్దున ఆమె కొక్కేనికున్న చొక్కా జేబులోంచి నన్ను తీసింది. అడగలేదు. అటక మీద తెల్ల ఎనామిల్ రంగు డబ్బా దించి, మంచం దగ్గర్నుంచి స్నానాల గది దాకా నేలమీద అడ్డంగా గీతలు గీసింది. చీపురు పట్టినట్టు పట్టుకుంది నన్ను. మొన చెదిరిపోయింది.

నాంచారయ్య మంచం మీంచి చూస్తున్నాడు. "దారం కొట్టుకోవే. వంకరపోతంది."

"నువ్వు నడవటానికేగా. ఊరు ఊరంతా వచ్చి చూస్తారా ఏంటి?"

 రంగు ఆరాక ఆయన లేచి, ఆ వంకర గీతలు ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చాడు. కాలు ఎక్కడా ఆగలేదు.

సామ్రాజ్యం నన్ను కడగలేదు, ఆమెకి తెలియదు. రంగుతోనే తెచ్చి స్నానాల గది కిటికీలో పెట్టింది. ఆయన చూశాడు. నేలమీది గీతలు ఆరినా నా వెంట్రుకల్లో రంగు ఇంకా పచ్చిగానే ఉంది. కిరసనాయిల్లో వెయ్యవే అని ఒక్క కేక వేస్తే బతికేదాన్ని. నేను ఎదురుచూశాను. ఆయన మొహం కడుక్కుని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి నేను బిగుసుకుపోయాను.

ఇప్పుడు రోజూ పొద్దున్నే పదకొండు గీతలు దాటి నా దగ్గరికి వస్తాడు. గీతలు చెరిగిపోతే సామ్రాజ్యం గుడ్డముక్కతో మళ్లీ పూస్తుంది. ఆయన పళ్లపొడి డబ్బా కోసం తడుముతూ ఒక్కోసారి నన్ను పక్కకి జరుపుతాడు.

ఎవరూ అరవరు.