అత్తగారికి అరుపుల వైద్యం

అత్తగారు ఉద్యోగమంతా గ్రంథాలయంలోనే చేసింది. మాట్లాడేవాళ్ళను మాట్లాడొద్దనడమే ఆవిడ పనిలో సగం. పార్కిన్సన్స్ వచ్చాక చెయ్యి వణికింది, అడుగు చిన్నదైంది, ముఖంలో కదలిక పోయింది. చివరికి గొంతు కూడా సన్నబడింది. మంచినీళ్ళు అడిగితే ఆ మాట పక్క గదిదాకా కూడా వెళ్ళేది కాదు.

కూతురు బస్సు నడుపుతుంది, తెల్లారకముందే డ్యూటీ. అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు, అతనిది సాయంత్రం షిఫ్టు. అందుకని పగలంతా అత్తగారిని చూసుకునేది అల్లుడే. మాత్రలు వేళకివ్వడం, అన్నం కలిపి పెట్టడం, జడ వెయ్యడం అన్నీ అతని పనులే. ఆవిడ మాత్రం పెళ్ళినాటి నుంచీ అతన్ని "మీరు" అనే అంటుంది. ఎంతైనా అల్లుడు కదా.

"రోజూ గట్టిగా అరవాలమ్మా. అరిస్తేనే గొంతు నిలబడుతుంది," అంది గొంతు డాక్టరమ్మ.

"ఎవరి మీద?" అంది అత్తగారు. డాక్టరమ్మకు వినపడలేదు. అల్లుడు అందించాడు.

"ఎవరో ఒకరి మీద. పగలు ఇంట్లో ఎవరుంటారు?"

అత్తగారు అల్లుడి వంక చూసింది. డాక్టరమ్మా చూసింది.

మర్నాడు అల్లుడు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "కానివ్వండి అత్తయ్యా. నామీద కోపాలుంటాయిగా."

"మీ మీద కోపమేంటి బాబూ."

"వినపడలేదు."

"కోపం లేదు."

"వినపడలేదండీ."

"తడి తువ్వాలు మంచం మీద పడేస్తారు!"

"ఆఁ, ఇది వినపడింది. ఇంకా?"

"తలుపు ధడాలున వేస్తారు! చెప్పిన మాట చెవికెక్కదు! నువ్వు గురక పెడితే గోడలు అదురుతాయి!"

"మీరు" కాస్తా "నువ్వు" అయిపోయిందని ఇద్దరూ గమనించలేదు. పై అంతస్తు ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"వైద్యం జరుగుతోందండీ," అన్నాడు అల్లుడు.

కొన్నాళ్ళకు గొంతు వీధిలోకి వినపడసాగింది. తిట్లు మాత్రం అయిపోవచ్చాయి. అల్లుడు కావాలని తువ్వాలు పడేసేవాడు. కావాలని పడేశావంటూ ఆవిడ దానికీ తిట్టేది.

ఒకరోజు ఇంకేమీ దొరక్క అనేసింది. "నా కూతురికి నువ్వు తగినవాడివి కాదు! అప్పుడే చెప్పాను, వింటేగా!"

అల్లుడు నవ్వబోయి ఆవిడ ముఖంలోకి చూశాడు. అక్కడేమీ తెలియలేదు. జబ్బు వచ్చాక కోపమైనా సరదా అయినా ఆవిడకు అదే ముఖం. లేచి వెళ్ళి గిన్నెలు కడిగాడు, కడిగినవి కూడా.

తర్వాత రెండు రోజులు ఇంట్లో అరుపుల్లేవు. మాత్రలు వేళకే అందాయి. జడ మాత్రం మరీ బిగుతుగా పడింది.

ఆ మర్నాడు దువ్వెన పట్టుకుని వెనక నిలబడి అడిగాడు. "అత్తయ్యా, మొన్న అన్నది వైద్యమా, నిజమా?"

"నిజమే."

దువ్వెన ఆగిపోయింది.

"పెళ్ళికి ముందు వద్దనే అన్నాను. నీ సంగతి నాకేం తెలుసప్పుడు? ఇప్పుడు నిన్నెవరైనా ఓ మాటంటే ఊరుకుంటానా?" అంటూ చెయ్యి వెనక్కి చాపి, తడుముకుని అతని మణికట్టు పట్టుకుంది. ఆవిడ చెయ్యితోపాటు అతని చెయ్యీ వణికింది. అతను విడిపించుకోలేదు.

"జడ పూర్తి చెయ్యాలత్తయ్యా," అన్నాడు. "వినపడలేదు," అంది అత్తగారు.

సెలవు రోజున కూతురు తానే వైద్యం చేయిస్తానంటూ తల్లి ఎదుట కూర్చుంది. "ఊఁ, తిట్టమ్మా."

తల్లి చాలాసేపు ఆలోచించింది. "నిన్నేమని తిట్టనే? నాకు ఊపు రాదు. అతన్ని పిలువు."

కూతురు మూతి ముడుచుకుని లేచింది. అల్లుడు చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.