ఆది జాకెట్లు

“ప్యాకింగుకి మనుషులెందుకు, దండగ. నువ్వున్నావుగా,” అన్నాడు జోగేశ్వరరావు.

మీనాకుమారి అప్పుడు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు. ఇల్లు మారిన ప్రతిసారీ విన్న మాటే అది. నిడదవోలు నుంచి బెజవాడ వెళ్లినప్పుడు విన్నది. బెజవాడ నుంచి నెల్లూరు వెళ్లినప్పుడు విన్నది. నెల్లూరు నుంచి ఈ రాజమండ్రి వచ్చినప్పుడూ విన్నది. ఇప్పుడు నాగపూర్. ఎరువుల కంపెనీలో అకౌంట్లు చూసే మనిషికి బదిలీలు తప్పవు. సామాను తరలించుకోవడానికి కంపెనీ నలభై వేలు ఇస్తుంది, అందులో ఎంత మిగుల్చుకుంటే అంత మనది. అందుకని ఆయన వారం నుంచి ఫోను పట్టుకుని లెక్కలు వేస్తున్నాడు. లారీ బాడుగ, అక్కడి ఇంటి అడ్వాన్సు, ముగ్గురికి రైలు టిక్కెట్లు, కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు లక్ష్మీప్రసన్నకి హాస్టలు ఫీజు. ఏదీ మర్చిపోలేదు. ఆవకాయ జాడీ కారితే పాడయ్యే పరుపు ఖరీదు కూడా వేసుకున్నాడు.

“కుట్టుమిషను ఇక్కడే అమ్మేద్దాం. ఆ ఇనప స్టాండుతో పెద్ద బరువు. అక్కడ కొత్తది కొంటాలే.”

“నెల్లూర్లో బయల్దేరేటప్పుడూ అలాగే అన్నారండి.”

“కొన్నాంగా?”

కొన్నారు. రాజమండ్రి వచ్చిన మూడేళ్లకి. వీధి వీధీ తిరిగి ఫాల్స్ కుట్టడానికి చీరలు తెచ్చుకుని, చేత్తో కుట్టి, ఆ డబ్బులు చీటీ వేసి ఆమె కొనుక్కుంది. ఆ సంగతి ఆయన మర్చిపోలేదు. కాకపోతే ఇంట్లోకి వచ్చిన వస్తువేదైనా ఆయన మాటల్లో ‘మనం కొన్నది’.

“నా బేరాలన్నీ ఇక్కడే ఉన్నాయండి.”

“నాగపూర్లో ఆడవాళ్లు జాకెట్లు తొడుక్కోరా ఏంటి?”

నడవాలో మంచం మీద పడుకున్న అత్తగారు రత్నమాణిక్యం పకపకా నవ్వింది. నవ్వొచ్చే మాటే మరి. మీనాకుమారి కూడా కొంచెం నవ్వింది. అలా నవ్వినందుకు, కూర పొయ్యెక్కి దిగేదాకా తనని తాను తిట్టుకుంది.

ఇల్లు మారడమంటే లారీ మాట్లాడటం అనుకుంటారు మగవాళ్లు. లారీ వచ్చేనాటికి ఇంట్లో సగం పని అయిపోయి ఉంటుంది. గాజుసామానుకి తన పాత చీరలే చుట్టాలి. దిగిన పూట అన్నం వండటానికి కావలసినవన్నీ ఒక సంచిలో విడిగా పెట్టాలి, లేకపోతే ఆ పూట ముప్పై మూటలు విప్పాల్సింది తనే. ఉప్పు, పసుపు, దేవుడి పటం, పాలగిన్నె లారీలో వెయ్యకూడదని అత్తగారి పట్టింపు. అవి ఇల్లాలి ఒళ్లో వెళ్లాలి. కొత్తింట్లో ఇల్లాలే పాలు పొంగించాలి. అలా ఇప్పటికి మూడు ఊళ్లకి పాలగిన్నె ఒళ్లో పెట్టుకుని వెళ్లింది మీనాకుమారి. ప్రతి ఊళ్లోనూ పాలు పొంగాయి. ప్రతి ఊళ్లోనూ ఆమె మళ్లీ మొదటినుంచి మొదలు పెట్టింది. నలుగురికీ తెలిసి, జాకెట్టు కుడితే మీనాయే కుట్టాలి అని ఒక వీధి అనుకునేసరికి ఇంకో ఊరు. మిషను లారీలో పడుతుంది. ఆ వీధి ఏ లారీలో పడుతుంది? ఆయన లెక్కలో కేబులు కనెక్షను రద్దు చేస్తే పోయే డబ్బు ఉంది. ఆమె నెలంతా వంగి కుట్టి తెచ్చే డబ్బు పోతుందని ఎక్కడా లేదు. అడుగుదామనుకుంది. అడిగితే, ‘అదెంతలే’ అంటాడు. ఆ మాట వినడం కంటే అడక్కపోవడమే నయమనిపించింది.

మిషను కింద ఒక పాత చీరలో కట్టిన మూట ఉంది. దాన్నిండా ఆది జాకెట్లు. కొత్త జాకెట్టు కుట్టడానికి కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టే ఆది జాకెట్టు. మామూలుగా పని అయ్యాక తిరిగి తీసుకుపోతారు. బాగా నమ్మకం కుదిరితే, ‘నీ దగ్గరే ఉంచుకో మీనా, మాటిమాటికీ ఏం తెస్తాం,’ అని వదిలేస్తారు. అలా వదిలేసినవాళ్లు తాముండే ఆర్యాపురం చుట్టుపక్కల నలభై మంది దాకా ఉన్నారు. ఎవరికి ఒక భుజం దిగి ఉంటుందో, ఏ కొత్త పెళ్లికూతురు ఏడాదిలో ఎంత చిక్కిపోయిందో, ఎవరి వీపు మీద దెబ్బ మచ్చ కనపడకుండా మెడ పైకి పెట్టాలో ఆ మూటకి తెలుసు, మీనాకుమారికి తెలుసు. ఆమె ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

అందులో ఒకటి వెంకటదుర్గది. గాజుల కొట్టు పెట్టుకుని ఒక్కతే బతుకుతున్న మనిషి. రెండేళ్ల కిందట ఆపరేషనులో ఎడమ రొమ్ము తీసేశారు. కొట్టు మూసేసి, పైట నిండా కప్పుకుని ఇంట్లో కూర్చుండిపోతే, మీనాకుమారి వెళ్లి కొలతలు తీసుకుంది. దూదితో దిండులా చేసి లోపల కుట్టింది. తేలికైపోయి అది పైకి జరిగిపోతుంటే, విప్పి దూది మధ్యలో గుప్పెడు ఆవాలు పోసింది. ఆ బరువుకి కుదురుగా నిలబడింది. ఆ జాకెట్టు తొడుక్కుని వెంకటదుర్గ అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంది. మర్నాడు కొట్టు తెరిచింది. తర్వాత కుట్టినవన్నీ ఆ మొదటిదాని కొలతతోనే.

ఆ మూట ఇంటింటికీ తిరిగి ఇచ్చెయ్యాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ మీనాకుమారి వాయిదా వేస్తోంది. మూట విప్పితే వెళ్లిపోతున్నట్టే.

లారీ వచ్చే ముందు రోజు ఆమె గ్యాసు ఆఫీసుకి వెళ్లి, సిలిండరు అప్పగించి, ఎండలో నడిచి ఇంటికొచ్చింది. వంటగట్టు మీద తళతళా మెరిసే కొత్త స్టీలు గిన్నె ఉంది.

“ఎలా ఉందే?” అంది రత్నమాణిక్యం సంబరంగా. “పాలు పొంగించడానికి. పైసా ఖర్చు లేదు. పాతబట్టలకి గిన్నెలిచ్చే చిట్టెమ్మ వస్తే బేరమాడాను. చిన్న గిన్నె ఇస్తానంది, నేను ఊరుకుంటానా?”

“ఏ పాతబట్టలండి?”

“అదే, మిషను కింద మూట. అన్నీ చిరుగు జాకెట్లు. ఒక్కటీ మన ఇంట్లోవాళ్లకి పట్టేది కాదు. లారీకి బరువెందుకని...”

మీనాకుమారి చెప్పులు విప్పనే లేదు. అలాగే వెనక్కి తిరిగింది.

చిట్టెమ్మ రెండు వీధుల అవతల, పాక ముందు కూర్చుని గుడ్డలు వేరు చేస్తోంది. నూలు గుడ్డలు ఒక పక్క, నైలాను ఒక పక్క.

“ఆయ్, మీ అత్తగారే ఇచ్చారండి. నేనేం దొంగతనం చేశానా?” అంది కంగారుగా. “చాలామటుకు ఇందాకే ఆటోలో ఎత్తేశారండి. మిషన్లు తుడుచుకోడానికి షెడ్డులోళ్లు కొంటారు కదా. ఇయ్యే మిగిలినయి.”

మిగిలినవి పదో పన్నెండో. మీనాకుమారి ఒక్కొక్కటే తిరగేసింది. వెంకటదుర్గది లేదు.

“లోపల దిండులాగ కుట్టింది ఒకటి... చూశావా?”

“ఓ, అదా! దూది ఉంటే షెడ్డులోళ్లు తీసుకోరండి. చింపి అవతల పారేశాను.” చిట్టెమ్మ గోడ వారకి చేయి చూపించి నవ్వింది. “జాకెట్లో ఆవాలు ఎవరు దాచుకుంటారండీ? పోపులోకా?”

గోడ వారన దూది తడిసి పడి ఉంది. ఆవాలు చెదిరిపోయి ఉన్నాయి. రెండు కోళ్లు వాటిని ఏరుకుంటున్నాయి. మీనాకుమారి కోళ్లని అదిలించి అక్కడే మోకాళ్ల మీద కూర్చుంది. ఏం చెయ్యాలో తెలియక ఆవాలు ఏరడం మొదలుపెట్టింది. చిట్టెమ్మ నవ్వు ఆపేసింది. కాసేపు చూసి, తను కూడా పక్కన కూర్చుని ఏరింది.

వెంకటదుర్గ కొట్లో బేరం చూస్తోంది. గిరాకీ వెళ్లేదాకా మీనాకుమారి గుమ్మంలో నిలబడింది. తర్వాత కొంగుముడి విప్పి ఆ దూదీ, ఆవాలూ బల్ల మీద పెట్టింది. జరిగింది చెప్పింది. ‘మా అత్తగారు’ అనబోయి, “మా ఇంట్లో జరిగింది, తప్పు నాదే అండి,” అంది.

వెంకటదుర్గ ఆ దూది వంక చూసింది. చెయ్యి తెలియకుండానే పైట సర్దుకుంది.

“చింపేటప్పుడు... ఎవరైనా చూశారా?”

“చూసినా అదేంటో వాళ్లకి తెలీదండి.”

“పోనీలే. నేను తొడుక్కునేవి ఇంకో నాలుగున్నాయిగా. అవి చిరిగేదాకా నడుస్తుంది.” నవ్వబోయింది, రాలేదు. “తర్వాత ఇంకో టైలరు దగ్గరికి వెళ్లి విప్పి చూపించడం నావల్ల కాదు మీనా. మళ్లీ ఇంట్లో కూర్చుంటానంతే. నువ్వెళ్లేది రేపేనా?”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే మీనాకుమారికి తట్టుకోలేనంతైంది. నిష్ఠూరమైతే తనకి అలవాటే. ఇన్నేళ్లలో తనని వెళ్లొద్దని ఎవరూ అనలేదు, ఇప్పుడు ఈవిడా అనలేదు. కానీ తను లేకపోతే ఒక మనిషి బతుకు ఆగిపోతుందని మొదటిసారి విన్నది. తను వెళ్లకపోతే నాగపూర్లో ఆగేదేంటి? కాఫీ ఆలస్యమవుతుంది. మూటలు విప్పేవాళ్లుండరు.

“మీ ముందుగది ఖాళీగా ఉందన్నారు కదండి,” అంది. “అద్దె ఎంతకి ఇస్తారు?”

ఆ సాయంత్రం జోగేశ్వరరావు మొదట నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, ఆఖరికి లెక్కలోకి దిగాడు.

“రెండు చోట్ల రెండు అద్దెలు! దీనికి బడ్జెట్టెక్కడుంది?”

“నా గది అద్దె నేను కుట్టుకుని కట్టుకుంటానండి. మిమ్మల్ని అడగను.”

“పోయిన గుడ్డల కోసం కాపరం వదులుకుంటావా?”

“కాపరం వదల్లేదండి. పండక్కి రండి, నేనూ వస్తాను. కాని జాకెట్లు పోయినవాళ్లందరికీ నేను బాకీ. మళ్లీ కొలతలు తీసి ఒక్కొక్కరికీ కుట్టివ్వాలి. మీరు చేసేది ఉద్యోగమని మీ వెనక వచ్చాను, నేను చేసేదీ పనే అని ఒక్కసారైనా అనుకోండి.”

అంత పొడుగు మాట ఆమె ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన అవతలికి వెళ్లిపోయి కూతురికి ఫోను చేశాడు. లక్ష్మీప్రసన్న ఏమందో గాని, తిరిగొచ్చి ఇక లెక్కలు తియ్యకుండా పడుకున్నాడు.

రత్నమాణిక్యం మాత్రం రాగాలు తీసింది. “గిన్నె కోసం ఇంత గొడవా! మీ మావగారు ఎక్కడికంటే అక్కడికి మూట నెత్తినెట్టుకుని వెళ్లాను. నన్నెవరు అడిగారే?” అని ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నన్నెవరూ అడగలేదే,” అంది మళ్లీ, ఈసారి నెమ్మదిగా, ఎవరితోనో అన్నట్టు.

మర్నాడు లారీ వచ్చింది. అన్నీ మీనాకుమారే కట్టింది. ఏ మూటలో ఏముందో పైన రాసింది. మిషను కొనడానికొచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపేసింది. ఆమె సామాను మిషను, చాప, ఒక పెట్టె. తోపుడుబండి మీద వెంకటదుర్గ ముందుగదికి రెండు వీధుల ప్రయాణం, ఆమె బతుకులో తనకోసం తను చేసుకున్న మొదటి ప్రయాణం. సంతోషంగా లేదు. పెళ్లైన నాటి నుంచి తను తోమిన గిన్నెలన్నీ ఆ లారీలో తనకి వీపు తిప్పి వెళ్లిపోతుంటే కళ్లల్లో నీళ్లు నిండాయి. తుడుచుకోలేదు.

రైలు వేళకి ఆటో వచ్చింది. అత్తగారు ఎక్కి కూర్చుంది. జోగేశ్వరరావు అలవాటు ప్రకారం ఉప్పు, పసుపు, దేవుడి పటం ఉన్న సంచీ మీనాకుమారి వైపు చాపాడు. అంతలోనే గుర్తొచ్చి చెయ్యి గాల్లో ఆగిపోయింది.

ఆమె లోపలికెళ్లి కొత్త పాలగిన్నె తెచ్చింది. ఆయన ఆటోలో కూర్చున్నాక ఒళ్లో పెట్టింది.

“మంట తక్కువలో పెట్టండి,” అంది. “పక్కనే నిలబడండి, ఫోను చూడకండి. పొంగాక, పొయ్యి మాత్రం వెంటనే తుడవాలి. ఆరిపోతే మరక పోదు.”