అమ్మ పక్కన చోటు

చౌరప్ప పోయిన రోజు కాడుగోడి చర్చిలో గంట మోగలేదు.

తెల్లవారి కాసేపటికి అతని ఊపిరి ఆగింది. కంటోన్మెంటు దగ్గరి నూలు మిల్లులో ఏళ్ళ తరబడి పీల్చిన దూది నుసి అతని రొమ్ములో గూడు కట్టుకుంది. నెలల తరబడి దగ్గినవాడు చివరికి ఒక్క దగ్గు కూడా లేకుండా పోయాడు. అక్క ఇన్నాసమ్మ అతని కళ్ళు మూసింది. గడ్డం కిందుగా గుడ్డ కట్టింది. చేతులు రెండూ గుండె మీద చేర్చింది. తర్వాత ఏం చెయ్యాలో తెలియక, పక్కింటి సావిత్రమ్మ వచ్చేదాకా అతని దుప్పటి మడతలు సరిచేస్తూ కూర్చుంది.

తల్లి చనిపోయినప్పుడు చౌరప్ప ఇంకా పలక పట్టని పిల్లవాడు. ఇన్నాసమ్మే అతన్ని పెంచింది. చర్చి బడిలో టీచరు ఉద్యోగం దొరికాక తన తరగతిలోనే కూర్చోబెట్టుకుని చదువు చెప్పింది. బడిలో అక్కా అని పిలిస్తే ఒప్పుకునేది కాదు. ఇంట్లో టీచరమ్మా అని పిలిచి అతను ఏడిపించేవాడు.

ఆ ఊరి కథోలికుల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే ఇంటివాళ్ళు ముందు ఉపదేశికి చెప్పి పంపుతారు. స్వామి, అంటే చర్చి గురువు, ఊళ్ళో లేనప్పుడు ప్రార్థనలు చెప్పించేది ఉపదేశే. అతను వెళ్ళి గంట కొడతాడు. మగవాళ్ళకు ఒక తీరు, ఆడవాళ్ళకు ఒక తీరు, పసిబిడ్డలకు ఒక తీరు. రాగి చేలల్లో వంగినవాళ్ళు ఆ గంట విని నడుమెత్తి శిలువ గుర్తు వేసుకుంటారు. గంట మోగేదాకా ఆ చావు ఇంటిది. మోగినాక ఊరిది.

ఉపదేశి అంతోనప్ప వచ్చాడు. చౌరప్ప ముఖం చూసి కళ్ళు తుడుచుకున్నాడు. గడప దాటి బయటికి వెళ్ళినవాడు మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"స్వామిని ఒక మాట అడిగి కొడతానమ్మా."

"ఎప్పుడూ అడిగేది లేదు కదా అంతోనప్పా."

"ఇది వేరే కదమ్మా. ఆ ఆదివారం చదివినారు కదా."

చదివారు. అది నలభైతొమ్మిదో సంవత్సరం. రోము నుంచి వచ్చిన ఆజ్ఞను ఆ ఆదివారం పూజలో స్వామి తెలుగులో చదివి వినిపించారు. తెలిసి, ఇష్టపడి కమ్యూనిస్టు పార్టీలో చేరిన కథోలికులకు దివ్యసంస్కారాలు లేవు. దేవుడు లేడనే ఆ సిద్ధాంతాన్ని నమ్మి చాటేవాళ్ళకు శ్రీసభలోనే, అంటే కథోలిక సంఘంలోనే, చోటు లేదు. వింటున్న ఆడవాళ్ళలో కొందరు ఇన్నాసమ్మ వైపు చూసి, మర్యాదగా చూపు తిప్పుకున్నారు. చౌరప్ప పార్టీ మనిషని ఊరంతటికీ తెలుసు.

ఆ రోజు ఇంటికి వచ్చి ఆమె తమ్ముడికి ఏదీ దాచకుండా చెప్పింది. అతను దిండుకు ఆనుకుని విన్నాడు.

"ఏమక్కా, మీ స్వామి నన్ను బయటికి పొమ్మన్నాడా?"

"నీ పేరు పెట్టి అనలేదు."

"మా పార్టీ సెక్రెటరీ కూడా పేరు పెట్టి అనడు. ఇద్దరూ బో మర్యాదస్తులు."

ఇప్పుడు ఇంట్లో సావిత్రమ్మ నీళ్ళు కాగబెడుతోంది. ఇన్నాసమ్మ గంట కోసం చెవి ఒగ్గి కూర్చుంది. చర్చి వెనక సమాధుల తోటలో తల్లి పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. గోడ లోపలిదంతా ఆశీర్వదించిన నేల. గోడ బయట తుమ్మచెట్ల కింద, బాప్తిస్మం లేకుండా పోయిన పసికందులను, ఉరిపోసుకున్నవాళ్ళను పూడ్చిపెడతారు. అక్కడ ప్రార్థన ఉండదు, శిలువ ఉండదు. మేకలు తిరుగుతుంటాయి. ఆమె ఆ మేకల గురించే ఆలోచించింది. ఎండ వాకిట్లోకి వచ్చినా గంట వినబడలేదు. ఆమె లేచి చీర మార్చుకుని చర్చికి నడిచింది.

రాయప్ప స్వామి తన ఇంటి వరండాలో నిలబడి ఉన్నారు. పెద్దాయన. చౌరప్పకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే.

"నేనే వద్దామనుకుంటా ఉంటి. కూర్చో తల్లీ."

"గంట కొట్టలేదు స్వామి."

నిన్న పొద్దున ఆయన దూరపు ఊరికి ఎద్దుల బండిలో వెళ్ళారు. తిరిగి వచ్చి చౌరప్పకు, చావుకు ముందు నూనె రాసి ఇచ్చే చివరి అభ్యంగనం ఇవ్వాలనుకున్నారు. వానకు దారిలో వంక పొంగింది. ఆయన ఊరు చేరేసరికి చౌరప్ప లేడు.

"నిన్న నేను ఊళ్ళో ఉండుంటే నన్నే చూసి చెప్పుండునో ఏమో," అన్నారు. "ఇప్పుడు నువ్వే చెప్పాల. వాడు పార్టీని విడిచిపెడతానని నీతో ఏమన్నా అన్నాడా?"

"అనలేదు స్వామి."

"పశ్చాత్తాపం అనేది నోటితో చెప్పాలనేం లేదమ్మా. మాట పడిపోయినోళ్ళు కన్నుతో చెప్తారు, చేత్తో చెప్తారు. నువ్వు వాడి పక్కనే ఉంటివి. చివరి గడియలో తలన్నా ఊపినాడా? ఊపినాడని నువ్వు చెప్తే నాకు చాలు. దేవుడికీ చాలు."

ఆయన ఆమెకు ఒక తలుపు తెరిచి పట్టుకున్నారు. ఇన్నాసమ్మకు అది అర్థమైంది. ఒక్క మాట చాలు. ఆ మాటతో గంట మోగుతుంది, ఊరు వస్తుంది, తమ్ముడు అమ్మ పక్కన పడుకుంటాడు. అబద్ధం కూడా కాదు.

"ఊపినాడు స్వామి," అంది. ఆయన ముఖం తేటపడింది. ఆమె నేలను చూస్తూ మాట పూర్తిచేసింది. "నీళ్ళు కావాలా అని అడిగితే ఊపినాడు."

స్వామి నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగిపోయింది. కళ్ళజోడు తీసి అంగీ అంచుతో తుడిచారు.

"నిన్ను టీచరుగా పెట్టుకునింది నేనే కదా," అన్నారు. "నా తప్పే."

అప్పుడే, కబురు అంది, మధ్యాహ్నపు రైలు దిగి మిల్లు స్నేహితులు ఊళ్ళోకి వచ్చారు. అందరికంటే ముందు మేస్త్రీ చిక్కమునియప్ప, పెద్ద మీసాల మనిషి. పక్కన మగ్గాల విభాగంలో పనిచేసే చెన్నరాయప్ప. వెనక ఇంకొందరు. ఇంటి దగ్గర సావిత్రమ్మ వాళ్ళకు తనకు తెలిసినంత చెప్పింది. స్వామి గంట కొట్టనివ్వలేదని, చౌరప్ప పార్టీ గురించి ఏదో అడుగుతున్నారని. వాళ్ళు తమకు అర్థమైనట్టు అర్థం చేసుకున్నారు. వాళ్ళ ఊళ్ళల్లో చనిపోయినవాడి మీద పెద్దలకు అనుమానం వస్తే, స్నేహితులు వెళ్ళి నిలబడి వాడి నిజాయితీకి సాక్ష్యం పలుకుతారు. సాక్ష్యం బలంగా ఉంటే పెద్దలు దారి ఇస్తారు.

వాళ్ళు వరండా ముందు వరసగా నిలబడ్డారు. భుజం మీది తువ్వాళ్ళు తీసి మర్యాదకు నడుముకు చుట్టుకున్నారు. మెట్ల దగ్గరున్న ఉపదేశి అంతోనప్ప పక్కకు తప్పుకున్నాడు. దారిన పోయే ఇద్దరు ముగ్గురు ఆగారు.

"స్వామీ, మా చౌరప్ప మాట తప్పే మనిషి కాదు," అన్నాడు చిక్కమునియప్ప గొంతెత్తి. "పార్టీ అంటే ప్రాణం ఇచ్చేవాడు. ఎవురన్నా వాడు పార్టీని వదిలేసినాడని మీకు చెప్పింటే, అది శుద్ధ అబద్ధం. మొన్న మేము చూడ వచ్చినప్పుడు కూడా యూనియన్ కత అడిగినాడు. ఏం చెన్నరాయా?"

"అవు స్వామీ. నేను ఎవురి మీదన్నా ఆన పెడతాను."

ఇన్నాసమ్మ కళ్ళు మూసుకుంది. ఆ రోజుల్లో పార్టీవాళ్ళ కోసం పోలీసులు స్టేషన్లలో కాపు కాస్తున్నారు. ఊరిమధ్య నిలబడి ఈ మాట చెప్పినందుకు వాళ్ళను పట్టుకుపోయినా అడిగే దిక్కు లేదు. తన తమ్ముడి కోసం తెగించి వచ్చి, వాడికి మిగిలిన ఒక్క సందునూ వాళ్ళే పూడ్చేశారు. ఆమెకు వాళ్ళ మీద కోపం రాలేదు. వాళ్ళ తలలు నిమరాలనిపించింది.

స్వామి మెట్టు దిగి చిక్కమునియప్ప ఎదుట నిలబడ్డారు.

"నన్ను ఒకటి అడగనీ అప్పా. దేవుడు లేడని చౌరప్ప మీకు చెప్పేవాడా?"

"ఎవురు, మా చౌరప్పా?" చిక్కమునియప్పకు నవ్వొచ్చింది. "మీటింగులో మాట్లాడ లేచినాడంటే ముందు నుదుటా రొమ్మునా గుర్తు ఏసుకోకుండా నోరు తెరిచేవాడు కాదు. మా సెక్రెటరీకి ఒళ్ళు మండేది. ఒకతూరి చార్జి కూడా పెట్టిరి. నీకు దేవుడా, పార్టీనా, ఏదో ఒకటి చెప్పమనిరి."

"దానికి వాడేమన్నాడు?"

"ఏమన్నాడు రా చెన్నరాయా?"

"మా దేవుడు వడ్రంగి పని చేసి బతికినోడు, ఆయన్ని మెంబరుగా చేర్చుకుంటారా లేదా ముందు అది చెప్పండి, ఆమీద నా సంగతి చూద్దాం అనె." చెన్నరాయప్ప మేస్త్రీ వైపు చూశాడు. "అందరూ నగిరి స్వామీ. సెక్రెటరీ కూడా నగె. చార్జి అట్లే నిలిచిపాయె."

స్వామి ఇన్నాసమ్మ వైపు తిరిగారు.

"నువ్వేమంటావు? బడిలో జ్ఞానోపదేశం చెప్పేదానివి. రెండూ ఒక మనిషిలో ఇముడుతాయా?"

పెద్ద పెద్ద సంగతులు ఆమెకు తెలియవు. దేవుడే లేడని చెప్పే పుస్తకాలు తమ్ముడి పెట్టెలో ఉన్నాయని తెలుసు. వాటిని అతను ఎంత నమ్మాడో, ఎంత వదిలేశాడో ఆమె ఎప్పుడూ అడగలేదు.

"నాకు తెలీదు స్వామి," అంది. "కొన్ని పాపాలు ఆకాశం దిక్కు మొరపెడతాయని మీరు మాకు నేర్పినారు. అందులో కూలివాడి కూలి అన్యాయంగా బిగబట్టేది ఒకటి. అది వాడికి నేనే చెప్పినాను. ఒప్పజెప్పలేకపోతే బెంచీ ఎక్కించి నిలబెట్టినాను. మిగతా పిల్లలు పరీక్ష అయినాక మరిచిపోయిరి. వాడు మరవలేదు. వాడు పార్టీలో చేరింది దానికే. ఆడ ఇంకేమేమి ఉండాదో నాకు తెలీదు. ఇది మాత్రం నేను పెట్టిందే."

స్వామి మళ్ళీ మెట్టెక్కారు. తర్వాత అందరికీ వినబడేట్టు చెప్పారు.

"ఆజ్ఞ చదివినోణ్ణి నేనే. దాన్ని మార్చేదానికి నాకు అధికారం లేదు. ఇట్లా మనిషి గురించి అనుమానం వస్తే బిషప్ గారిని అడగాల. అడిగి జవాబు తెప్పించుకునే పొద్దు ఇప్పుడు లేదు. అనుమానం తీరనప్పుడు చచ్చినోడి పక్కనే నిలబడమని శ్రీసభ చట్టంలోనే ఉండాది, రచ్చ కాకుండా చూసుకోమని కూడా ఉండాది. అందుకని గోడ లోపలే పెడదాం. వాళ్ళమ్మ పక్కన. నేను వచ్చి ప్రార్థన చెప్తాను. గంట లేదు, పాట లేదు. వాడి ఆత్మ కోసం చర్చిలో పూజ మాత్రం బిషప్ గారు సరే అన్నాకే."

చిక్కమునియప్ప ఇన్నాసమ్మ వైపు చూశాడు. "మేము గెలిచినామా, ఓడినామా టీచరమ్మా?"

"చోటు దొరికిందప్పా," అంది ఆమె.

"ఇంకొక మాట," అన్నారు స్వామి. "జెండా వద్దు. నినాదం వద్దు."

"ఆయెను స్వామీ," అన్నాడు చిక్కమునియప్ప. చెన్నరాయప్ప అంగీ లోపల మడిచి పెట్టుకున్న ఎర్రగుడ్డను ఇంకా లోపలికి తోసుకున్నాడు.

పొద్దు వాలకముందే శవపెట్టెను మిల్లువాళ్ళే మోశారు. ఊరివాళ్ళలో కొందరు వచ్చారు, కొందరు గుమ్మాల్లో నిలబడి చూశారు. గంట లేకుండా నడుస్తున్న ఆ కొద్దిమంది అడుగుల చప్పుడు ఇన్నాసమ్మకు స్పష్టంగా వినిపించింది. తడి ఎర్రమట్టిలో గొయ్యి తల్లి సమాధికి మరీ దగ్గరగా తవ్వారు. తవ్వినవాళ్ళు క్షమించమన్నట్టు చూస్తే ఆమె ఫరవాలేదన్నట్టు తల ఊపింది.

స్వామి లాటినులో ప్రార్థన మొదలుపెట్టారు. మిల్లువాళ్ళకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిడికిలి ఎత్తడానికి లేదు, దండం పెట్టడం వాళ్ళ పార్టీ పద్ధతి కాదు. చిక్కమునియప్ప ఆమె దగ్గరగా జరిగాడు.

"మేమేమన్నా అనవచ్చునామ్మా?" గుసగుసగా అడిగాడు. "ఊరికే నిలబడుకుంటే వాడికి బేజారు అవుతాది."

"స్వామి చెప్పి ఆపినప్పుడు ఆమెన్ అనండి."

"అట్లంటే?"

"అట్లే కానీ అని."

"అది మేమూ అనే మాటే."

అతను ఆ మాట పక్కవాడికి చెప్పాడు, పక్కవాడు ఇంకొకడికి చెప్పాడు. స్వామి ఆగిన ప్రతిసారీ మిల్లువాళ్ళు కొంచెం ఆలస్యంగా, బడిపిల్లల్లా, కావలసినదానికంటే గట్టిగా ఆమెన్ అన్నారు. మొదటిసారి ఊరివాళ్ళు ఉలిక్కిపడ్డారు. తర్వాత వాళ్ళ గొంతులూ అందులో కలిశాయి. ఇన్నాసమ్మ అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచి అదే మొదలు.

స్వామి ఆ వారమే బిషప్ గారికి రాశారు. కొన్నాళ్ళకు ఇంకొన్ని వివరాలు కావాలని కబురొచ్చింది. ఆయన మళ్ళీ రాశారు. నవంబరులో మృతుల పండుగ నాడు సమాధులన్నిటికీ సున్నం కొట్టి దీపాలు పెట్టారు. ఇన్నాసమ్మ రెండు దీపాలు పెట్టింది, ఎవరూ ఏమీ అనలేదు. చనిపోయినవాళ్ళ పేర్లు పెట్టి పూజ చెప్పించుకున్న కుటుంబాలు చర్చిలో ముందు వరసల్లో కూర్చున్నాయి. ఆమె ఎప్పటిలా పిల్లల పక్కన కూర్చుని, స్వామి చదివిన పేర్లన్నీ విన్నది. పూజ అయ్యాక ఆయన ఆమె దగ్గరికి వచ్చి, "ఇంకా ఏమీ రాలేదమ్మా," అన్నారు. "మళ్ళీ అడుగుతాను."

"అడగండి స్వామి," అంది.

చౌరప్ప ఆత్మ కోసం చర్చిలో పూజ ఇంకా జరగలేదు.