దుంగలు లాగేసిన రోజు

సంధ్యారాణికి లోకంలో అన్నిటికంటే భయం ఒక్కటే. గెడ్డ పొంగిన రోజునే పిల్లకి ఆయాసం రావడం.

పాముకి భయపడదు. పిడుగుకి భయపడదు. అత్త అప్పలనరసమ్మ నోరంటే కూడా పెళ్లైన ఆర్నెల్లకే భయం పోయింది. కానీ రావికమతం కొండల మీద మబ్బు దిగిందంటే చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. పరుగున వెళ్లి నాలుగేళ్ల కూతురు దేవిశ్రీ వీపుకి చెవి ఆనించి వింటుంది. లోపల పిల్లికూతలు లేవని తేలాకే మళ్లీ పొయ్యి దగ్గరికొస్తుంది.

చినగెడ్డపాలెం నుంచి చోడవరం ఆటోలో ఇరవై నిమిషాలు. కాకపోతే ఊరి ముందు గెడ్డ, కొండల్లోంచి వచ్చే వాగు. ఆటో దాని అవతలే ఆగిపోతుంది. గెడ్డ మీద వంతెన ఉందీ అంటే ఉంది, లేదూ అంటే లేదు. నీళ్లలో రెండు స్తంభాలు లేచాయి. వాటి తలల మీద ఇనుప చువ్వలు తుప్పు పట్టి నిలబడ్డాయి. స్తంభాలెన్నో శిలాఫలకాలూ అన్నే. ఒక రాయి పాత ప్రభుత్వంలో వేశారు, ఇంకోటి కొత్త ప్రభుత్వంలో. రెండింటికీ కొబ్బరికాయ కొట్టారు, రెండు సార్లూ ఊళ్లో పిల్లలకి బిస్కెట్ ప్యాకెట్లు పంచారు. మొదటి కాంట్రాక్టరు బిల్లు పడక సామాను లారీకెత్తించుకుని పోయాడు. రెండోసారి టెండరు పిలిస్తే ఒక్కడూ రాలేదు. ఆ చువ్వలు కట్టిన కూలీల్లో సంధ్యారాణి మొగుడు శివాజీ ఒకడు. అతని నలభై రోజుల కూలి కూడా ఆ సిమెంటులోనే ఉండిపోయింది.

చివరికి ఊరివాళ్లే నాలుగు తాటి దుంగలు తెచ్చి, పక్కపక్కన పేర్చి, మోకులతో బిగించి, స్తంభాల పక్కనుంచి అటూ ఇటూ ఆనించారు. రెండేళ్లుగా బడికైనా, బజారుకైనా, కాన్పుకైనా, శవానికైనా అదే దారి.

పరిషత్ ఎన్నికలు వచ్చాయి. పోలింగుకి వారం ముందు రామకోవెల అరుగు మీద ఊరు కూర్చుంది. పెద్దమనిషి గణపతిరావు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆళ్లు సేసిన అప్పని ఈళ్లంతన్నారు. ఈళ్లు సేస్తన్న అప్పని ఆళ్లంతన్నారు. టీవీ ఎడితే ఇదే. ఇంతకీ ఆ డబ్బులెటెల్లేయిరా?"

"మన పేరనే ఉన్నాయంట మావయ్యా. తలకింతని లెక్క కట్టేరు. అప్పుడే పుట్టిన పసిగుంటకీ ఉందంట అప్పు," అన్నాడు శివాజీ.

"నా తలకెంతుంటాదిరా?" అప్పలనరసమ్మ ఆడవాళ్ల వరసలోంచి అరిచింది. "నాను రూపాయి ముట్టుకోలేదు. సగం బోడి తల. దీనిక్కూడానా?"

అరుగంతా నవ్వింది. నవ్వు ఆగాక గణపతిరావు గొంతు మారింది.

"మన పేర అప్పు సేసినోళ్లు మనకో వంతెన కట్టలేరా? ఈసారి ఊరు కట్టుబాటు. ఒక్క ఓటు పడకూడదు. ఏసినోడికి అయిదువేలు తప్పు, ఏడాది పాటు ఈ ఊళ్లో నిప్పూ నీళ్లూ బంద్."

అందరూ చెయ్యెత్తారు. సంధ్యారాణి కూడా ఎత్తింది. చంకలో ఉన్న దేవిశ్రీ అమ్మని చూసి తనూ ఎత్తింది.

పోలింగుకి ముందురోజు పొద్దున్నే కుర్రాళ్లకి ఇంకో ఆలోచన వచ్చింది. దుంగలు తీసేస్తే బ్యాలెట్ పెట్టెలే ఊళ్లోకి రావు. పెట్టెలు రాకపోతే పేపర్లో పడుతుంది, కలెక్టరే వస్తాడు. శివాజీ ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రాణీ, నూతి మోకివ్వు. దుంగలు లాగాల."

సంధ్యారాణి మోకు తీయడానికి వెళుతూ గూట్లో ఉన్న, పిల్ల నోట్లో కొట్టే ఆయాసం పంపు అందుకుని చెవి దగ్గర ఊపి చూసింది. అడుగున నీటిచుక్క ఆడినట్టు చిన్న చప్పుడు, అంతే. కిందటివారం ఆస్పత్రిలో అడిగితే సప్లై లేదు, బయట కొనుక్కోమన్నారు.

"మావా, పంపు అయిపోవచ్చింది. ముందు సోడారం ఎల్లి ఒకటి తెచ్చీ. తరవాత లాగండి దుంగలు."

"రేపు సాయంత్రం ఎల్తాను. పిల్ల బాగానే ఉంది కదేటి?"

బాగానే ఉంది. వాకిట్లో కోడిపిల్లల వెంట తిరుగుతోంది. వెనక పదిమంది కుర్రాళ్లు నిలబడి చూస్తున్నారు. చువ్వలు కట్టిన శివాజీ పెళ్లామే అడ్డు చెప్పిందంటే రేపు ఏమంటారు? సంధ్యారాణి మోకు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. తన చేత్తోనే పెట్టింది. ఆ సంగతి ఆ తరవాత చాలా రోజులు ఆమెని పొడుస్తూనే ఉంది.

ట్రాక్టరుకి మోకు కట్టి దుంగలు నాలుగూ ఇవతల గట్టు మీదికి లాగేశారు. ఊరు ఊరంతా గెడ్డ గట్టుకి చేరింది. పెళ్లిళ్లలో వాడే పెద్ద అల్యూమినియం గుండిగ తెచ్చి పొయ్యి మీదెక్కించి పులిహోర కలిపారు. తినడం, అరవడం, నినాదాలు. జాతరలాగే ఉంది.

మూడు గంటలకి అవతల గట్టున బొలెరో ఆగింది. పెట్టెలు, సంచులు, ఇద్దరు గుమస్తాలు, ఒక కానిస్టేబుల్ దిగారు. చివర్న కళ్లజోడు పెట్టుకున్న నడివయసు ఆవిడ దిగి, గెడ్డని చూసి, గట్టు మీది దుంగల్ని చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నేను ప్రిసైడింగ్ ఆఫీసర్ని బాబూ, పీవోని! స్వర్ణకుమారి, టీచర్ని! ఆ దుంగలు వేయండి, వచ్చేస్తాం!"

"వంతెన మీంచి రండి మేడమ్!" శివాజీ చేతులు బాకా చేసి అరిచాడు. "రెండు సార్లు కొబ్బరికాయ కొట్టేరు, గట్టిగానే ఉంటాది!"

ఇటు గట్టు ఘొల్లుమంది. అటు కానిస్టేబుల్ లాఠీ ఊపాడు.

"కేసులైపోతాయిరోయ్!"

"ఆ కేసులు కూడా అప్పులోనే రాసుకోండి!" అంది అప్పలనరసమ్మ.

స్వర్ణకుమారికి కోపం రాలేదు. "నాకూ ప్రభుత్వం నుంచి డీఏలు రావాలమ్మా, నన్ననకండి!" అని అరిచి, పెట్టెల పక్కనే రాయి మీద కూర్చుంది. ఆ మాటకి ఇటువైపు కొంతమంది నవ్వబోయి ఆపుకున్నారు.

సంధ్యారాణి నవ్వలేదు. ఆమె కళ్లు గెడ్డ మీద ఉన్నాయి. పొద్దున్న తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడ్డాయి. చితుకులూ నురగా కొట్టుకొస్తున్నాయి. ఇక్కడ చుక్క వాన లేదు. పైన కొండల్లో పడుతోందన్నమాట. చూస్తుండగానే మొదటి స్తంభం మీది నీటిచార మునిగిపోయింది.

వెనక్కి తిరిగి పిల్ల కోసం చూసింది. దేవిశ్రీ పొయ్యి పొగలో, చెరకు పిప్పి మంట పక్కన, చేతిలో పులిహోర ముద్దతో నిలబడి ఉంది. తినడం లేదు. భుజాలు పైకీ కిందకీ ఆడుతున్నాయి.

సంధ్యారాణి పరుగెత్తి వీపుకి చెవి ఆనించింది. ఆనించనక్కర్లేకపోయింది. పిల్లికూతలు బయటికే వినబడుతున్నాయి.

ఇంటికి పరుగు, గూట్లోంచి పంపు, మళ్లీ గట్టుకి పరుగు. పిల్ల నోటికి పెట్టి నొక్కింది. ఒకసారి వచ్చింది. రెండోసారి సగం. మూడోసారి ఉత్త గాలి. దేవిశ్రీ డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. పెదాల చుట్టూ నేరేడుపండు రంగు దిగింది.

"మావా!"

ఆ కేకకి నినాదాలు ఆగిపోయాయి.

శివాజీ వచ్చి పిల్లని చూశాడు. గెడ్డని చూశాడు. గట్టు మీది దుంగల్ని చూశాడు. 

"దుంగలెయ్యండ్రా!" అని గణపతిరావు అరిచాడు.

పదిహేనుమంది ఒక దుంగని ఎత్తి నీళ్లలోకి తోశారు. కొస అటు అందేలోపే ప్రవాహం దాన్ని గడ్డిపరకలా తిప్పి లాక్కుపోయింది. పొద్దున్న ట్రాక్టరు తీసిన పని సాయంత్రం మనుషుల వల్ల కాలేదు.

"నూటెనిమిదికి ఫోన్ సెయ్యండి!"

"సేసేను మావయ్యా. బండి ఇంకో కేసుకెల్లిందంట. గంట పడతాదంట," అన్నాడో కుర్రాడు.

గంట. సంధ్యారాణి పిల్ల ఊపిరి వింటోంది. ఇందాకటి కూత కూడా తగ్గుతోంది. కూత తగ్గితే మంచిది కాదని డాక్టరు ఒకసారి చెప్పిన మాట ఆమెకి గుర్తుంది. లోపలికి గాలి పోకపోతే కూతెక్కడిది?

అప్పలనరసమ్మే అంది. "గుండిగ! ఒరే, ఆ గుండిగ బోర్లించండ్రా!"

పులిహోర అంతా గట్టు మీద కుమ్మరించారు. గుండిగ చెవులకి రెండువైపులా మోకులు కట్టారు. శివాజీ నడుముకి నూతి మోకు చుట్టుకుని, గుండిగ మోకుల్లో ఒకదాని కొస పట్టుకుని గెడ్డలోకి దిగాడు. నీళ్లు ఛాతీకొచ్చాయి. రెండు సార్లు కాలు తప్పింది. మొదటి స్తంభం అందుకుని పైకి పాకి, తను కట్టిన చువ్వలకే నూతి మోకు బిగించాడు. మళ్లీ నీళ్లలోకి దిగి రెండో స్తంభం ఎక్కి దానికి ఇంకో చుట్టు. అక్కణ్ణుంచి గుండిగ మోకు కొసని అవతలి గట్టుకి విసిరాడు. మొదటిసారి అందలేదు. రెండోసారి కానిస్టేబుల్ మోకాలి లోతు నీళ్లలోకి దూకి పట్టుకున్నాడు. ఇందాక లాఠీ ఊపినవాడే. వెనక నుంచి డ్రైవరు, గుమస్తాలు, స్వర్ణకుమారి కూడా చీర కుచ్చిళ్లు దోపుకుని మోకు పట్టారు.

దేవిశ్రీని గుండిగలో కూర్చోబెట్టారు. ఇంకా పసుపు అంటుకునే ఉంది దానికి. సంధ్యారాణి మోకు చంకల కింద నుంచి కట్టించుకుని, గుండిగ అంచు పట్టుకుని నీళ్లలోకి దిగింది. ఆమెకి ఈత రాదు.

"అమ్మా," అంది పిల్ల. అంతకుమించి మాటకి ఊపిరి లేదు.

"ఇదిగో వచ్చేసేం తల్లీ. నన్నే సూడు. నీళ్లకేసి సూడకు."

ఇటువాళ్లు వదులుతున్నారు, అటువాళ్లు లాగుతున్నారు. నడిగెడ్డలో ఒక చెట్టుకొమ్మ వచ్చి గుండిగకి తగిలింది. గుండిగ సగం ఒరిగింది. నీళ్లు లోపలికి పడ్డాయి. సంధ్యారాణి అరవలేదు, అరిస్తే పట్టు జారుతుందని. స్తంభం మీంచి శివాజీ ఒక చేత్తో చువ్వ పట్టుకుని, కిందికి వేలాడి, కాలితో కొమ్మని తన్నాడు. గుండిగ తిన్నగా అయింది. ఆ చువ్వ వంగింది కానీ ఊడలేదు.

అవతలి గట్టు చేరగానే స్వర్ణకుమారి పిల్లని అందుకుని మొహంలోకి చూసింది. ఒక్క క్షణం బొలెరో వంక, ఒక్క క్షణం పెట్టెల వంక చూసింది.

"మేడమ్, ఎలక్షన్ బండి మేడమ్," గుమస్తా నసిగాడు. "రూట్ దాటకూడదు. ఆర్డరుంది."

"ఆర్డరు చదివింది నేనేనయ్యా. పెట్టెల దగ్గర నేను కూర్చుంటాను. డ్రైవర్, చోడవరం పోనీ!"

బొలెరో పన్నెండు నిమిషాల్లో చోడవరం చేరింది. ఆ పన్నెండు నిమిషాలూ సంధ్యారాణి పిల్ల వీపు నుంచి చెవి తీయలేదు. ఆస్పత్రిలో మూతికి మాస్కు పెట్టారు. మందు పొగలా లోపలికి పోయింది. చాలాసేపటికి కూత మళ్లీ మొదలైంది. ఆ కూత వినగానే ఆమె గోడకి జారబడి ఏడ్చింది. పక్క మంచం ముసలామెకి, కూత విని ఈ గుంట సంతోషంతో ఎందుకు ఏడుస్తోందో అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నకి గెడ్డ పొంగు తీసింది. మిగిలిన మూడు దుంగలూ ఊరివాళ్లే వేశారు. కట్టుబాటు పోలేదు, ఓటు వెయ్యలేదు. కానీ "ఆవిడ మీద మాట రాకూడదు" అన్నాడు గణపతిరావు. పెట్టెలు లోపలికి రానిచ్చారు. స్వర్ణకుమారి బడిలో పొద్దున్నించి సాయంత్రం దాకా ఖాళీ పెట్టె ముందు కూర్చుంది. మధ్యాహ్నం అప్పలనరసమ్మ అన్నం క్యారియరు తీసుకెళ్లింది.

"ఓటెయ్యనమ్మా. అన్నం మాత్రం తిను. నిన్న పులిహోర గెడ్డ తినీసింది."

సాయంత్రం సంధ్యారాణి పిల్లని చంకనేసుకుని తిరిగొచ్చేసరికి శివాజీ ఎదురొస్తున్నాడు, మూడు దుంగల మీద అడుగులో అడుగేసుకుంటూ. తల మీద బ్యాలెట్ పెట్టె.

"జాగ్రత్త బాబూ, ఖాళీదైనా తడవకూడదు," వెనక నుంచి స్వర్ణకుమారి అంటోంది.

సంధ్యారాణికి ఆవిడతో ఏదో చెప్పాలని ఉంది.  స్వర్ణకుమారే పిల్ల గడ్డం పట్టుకుని, "పంపు ఎప్పుడూ రెండుంచు," అని బొలెరో ఎక్కింది.

ఇరవై రోజుల తరవాత గణపతిరావు మండలాఫీసులో ఒక కబురు విని వచ్చాడు. ఎన్నికల బండిని సొంతానికి వాడినందుకు పీవో గారికి మెమో ఇచ్చారట. పన్నెండు నిమిషాలు వెళ్లి పన్నెండు నిమిషాలు వచ్చిన డీజిల్‌కి లెక్క చెప్పమన్నారట. స్తంభాల సంగతి మాత్రం ఎవరూ ఎవర్నీ అడగలేదు. వాటి మీద ఒక చువ్వ వంగి అలాగే ఉంది.

ఊరంతా సంతకాలు చేసి ఉత్తరం రాసింది. నూట పది గడపలూ వేలిముద్రలతో సహా. జవాబు రాలేదు. ఆవిడ ఫోన్ నెంబరు ఎవరూ తీసుకోలేదు. కె.కోటపాడు వైపు ఏదో హైస్కూలని మాత్రం తెలుసు. శివాజీ రెండు సార్లు వెళ్లి వెతికాడు. మొదటిసారి ఆదివారమైంది. రెండోసారి వెళ్లిన బళ్లో ఆ పేరుగల టీచరు లేదన్నారు.

మీలో ఎవరైనా ఆ వైపు వాళ్లుంటే, మీ పిల్లల బళ్లో కళ్లజోడు పెట్టుకున్న స్వర్ణకుమారి అనే టీచరమ్మ ఉందేమో చూడండి. ఉంటే, ఆవిడ ఉద్యోగం బాగానే ఉందా, మనిషి బాగానే ఉందా, ఒక్కసారి వెళ్లి కనుక్కోండి. చినగెడ్డపాలెం పిల్ల ఊపిరి బాగానే తీస్తోందని, గూట్లో పంపులు రెండున్నాయని చెప్పండి.