గొర్రెల కవరు, దీపస్తంభం కవరు

హనోకుకూ దేవానందానికీ పడదన్న సంగతి నారాయణఖేడ్ బస్టాండులో గోలీసోడా అమ్మేవాడికి కూడా తెలుసు. ఎందుకు పడదో చెబితే మాత్రం ఎవరూ నమ్మరు. గట్టు తగాదా కాదు, పిల్లనిచ్చి పుచ్చుకున్న తగాదా కాదు, ఓట్ల తగాదా అసలే కాదు. దొరల పాటల రికార్డుల్లో ఏది గొప్పదన్న దాని మీద! నవ్వొస్తే నవ్వండి. ఆ తగాదాతో రెండిళ్ల ఆడవాళ్లు మందిరంలో పక్కపక్కన కూర్చోవడం కూడా మానేశారు.

ఇద్దరూ మిషన్ హాస్టల్లో ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లే. హనోకు బస్టాండు పక్కన రేడియోలు బాగుచేస్తాడు, పెళ్లిళ్లకు మైకుసెట్టు కిరాయికిస్తాడు, ఆదివారం మందిరంలో గిటారు వాయిస్తాడు. దేవానందం ప్రైమరీ బడిలో పంతులు. అదే మందిరంలో డోలక్ అతనిది.

డెబ్బై ఏడులో మిషన్ బంగళాలోని అమెరికా కుటుంబం ఊరు విడిచి పోతూ, వాళ్ల పెద్దకొడుకు రికార్డుల పెట్టెనూ, ప్లేయరునూ హాస్టల్ వార్డెన్ ప్రేమదాసుకు ఇచ్చిపోయింది. పద్నాలుగు రికార్డులు. కరెంటు గిటార్లు, పిడుగుల్లాంటి డ్రమ్ములు, గొంతు చించుకొని పాడే జులపాలవాళ్లు. దాన్ని రాక్ సంగీతం అంటారని ప్రేమదాసే చెప్పాడు. పెద్దమనిషికి అది ఎంత నచ్చిందంటే, రెండోరోజే భయం పట్టుకుంది. ఆ కవర్ల మీది బొమ్మలు సంఘ పెద్దల కంటపడితే సైతాను పాటలంటారు, ఉన్న కొలువు ఊడుతుంది. అందుకని అసలు కవర్లన్నీ పొయ్యిలో పెట్టాడు. బంగళా అల్మారాలో పాత ప్రసంగాల రికార్డుల కవర్లు మిగిలి ఉంటే వాటిలో వీటిని దూర్చాడు. రికార్డుల నడుమ రాసి ఉన్న పేర్ల మీద ఖాకీ కాగితం గుండ్రంగా కత్తిరించి అంటించాడు. అలా పాడినవాడి పేరూ పోయింది, పాట పేరూ పోయింది. మిగిలింది కవరు మీది బొమ్మ ఒక్కటే. కాపరీ మందా ఉన్నది గొర్రెల రికార్డు. సముద్రం ఒడ్డున దీపం ఉన్నది దీపస్తంభం రికార్డు.

వినడానికి వచ్చేది ఈ ఇద్దరే. పెట్టెలో నాలుగు రికార్డులైనా వినకముందే, మొదటి నెలలోనే నాది ముందంటే నాది ముందని ప్లేయరు చెయ్యి పట్టుకు గుంజి సూది విరగ్గొట్టారు. వార్డెన్ బీదర్ పోయి కొత్త సూది తెచ్చుకొని ఇద్దరినీ నిలబెట్టాడు.

"దేవానందం మంగళారం రావాలె. హనోకు శనారం రావాలె. ఇద్దరు కలిసి నా గడప తొక్కిన్రో, కాళ్లు ఇరగ్గొడ్త!"

రికార్డులు గది దాటనిచ్చేవాడు కాదు. "నీ మైకుసెట్టుకున్నది సూది గాదురా, మేకు" అనేవాడు హనోకుతో.

హనోకు ప్రాణమంతా దీపస్తంభం మీదే. రెండో వైపు చివర ఒక గిటారు ఉంది. అది మొదలయ్యేసరికి అతనికి ఒళ్లు జలదరించేది. దాని కోసమే బీదర్‌లో పాత గిటారు కొన్నాడు. శనివారం విని, వారమంతా దుకాణంలో వేళ్లు పగిలేదాకా వాయించేవాడు. అంతా వచ్చింది. చివరి రెండు నిమిషాలు మాత్రం రాలేదు. అక్కడికి రాగానే వేళ్లు దారి తప్పేవి. నాలుగేళ్లుగా అదే తంతు.

ఎనభై జనవరిలో వార్డెన్ ఊరుకోక, ఉన్న నిప్పుకు కాస్త గాలి విసిరాడు. "డెబ్బైలు ఒడిసిపాయె. ఈ పద్నాలుగుల అన్నిటికన్న పెద్దది ఏదో తేల్చుండ్రి" అన్నాడు, ఎవరి రోజున వాళ్లతో. హనోకు దీపస్తంభం అన్నాడు. దేవానందం గొర్రెలది అన్నాడు. ఇంకేముంది, ఆ ఏడంతా మందిరం మెట్ల మీద, చాయ్ హోటల్లో, దవాఖాన ముందర అదే రభస. ఒక పెళ్లిలో మైకు సరిచూస్తూ హనోకు ఊరంతా వినేలా, "హలో, హలో, గొర్రెలకు గొర్రెల రికార్డే నచ్చుతది" అనేశాడు. దేవానందం క్రిస్మస్ దాకా ఆగి బదులు తీర్చుకున్నాడు. నిండు ఆరాధనలో పాట సగంలో డోలక్ వేగం పెంచేశాడు. హనోకు గిటారు వెనకబడి, తడబడి, ఆగిపోయింది. సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ రోజు నుంచి వాళ్ల మధ్య తిట్టు తప్ప మాట లేదు.

మధ్యలో ఒక శనివారం వార్డెన్ అడిగాడు కూడా. "ఒక్కసారి గొర్రెలది పెట్టాల్నా? ఇని తిట్టరాదు?"

"వాని ఎంగిలి నాకొద్దు సార్" అన్నాడు హనోకు.

దేవానందమూ మంగళవారం ఇంచుమించు ఆ మాటే అన్నాడట. వార్డెన్ గడ్డం గోక్కున్నాడు.

ఎనభై ఒకటి డిసెంబరులో ప్రేమదాసు ఛాతీనొప్పితో పోయాడు. హనోకు ఏడ్చాడు. దాచడమెందుకు, సగం సార్ కోసం, సగం శనివారాల కోసం ఏడ్చాడు. ఆరు వారాలు గడిచేసరికి చెవిలోని పాట చెరిగిపోసాగింది. ఆ చివరి రెండు నిమిషాలు ఎలా ఉంటాయో అసలు గుర్తే రావడం లేదు. ఆ రికార్డు చేతికి రాకపోతే నాలుగేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనని అతనికి తిండి సయించలేదు.

ఆ సమయంలో వార్డెన్ భార్య ఆనందమ్మ నుంచి కబురొచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరినీ రమ్మంది. సామానంతా మూటలు కట్టి ఉంది. పెట్టె గది మధ్యలో ఉంది.

"బుధారం కొత్త వార్డెన్ వస్తుండు. నేను జహీరాబాద్‌ల బిడ్డ లిదియా కాడికి పోతున్న" అంది. "ఒక్కొక్కడు ఒక్క రికార్డు పట్టుకపోండ్రి. మిగిలినయి, ప్లేయరు పోరగాండ్లకు ఇడిసిపెడ్త."

హనోకు గుండె కుదుటపడింది. తనకు దీపస్తంభం, వాడికి గొర్రెలు. తీసుకొని తల వంచుకు పోతే అయిపోయేది. కానీ నోరు ఊరుకుంటేనా!

"తీస్కో, తీస్కో. నీ మందను తోలుకపో" అన్నాడు.

దేవానందం గిర్రున తిరిగాడు. "ఏమెరుక బే నీకు? గొర్రెలది ఎన్నడన్న ఇన్నవా? ఆ డ్రమ్ము ఇంటే తెలుస్తది, రేకుల మీద రాళ్లవాన పడ్డట్టు ఉంటది. గిటారు గిటారు అని సస్తవ్. అండ్ల గిటారోడు నోరు మూసుకొని డ్రమ్ము ఎన్కకు నడుస్తడు. గొప్ప రికార్డంటె అట్లుంటది."

"డ్రమ్ము ఎన్కకు నడిసేది ఊరేగింపుల గాడిది! గిటారు ఏడిస్తె రాయి గూడ కరగాలె. దీపస్తంభంల ఆ ఏడుపు ఉన్నది. నీ చెవులల్ల మట్టి ఉన్నది!"

"క్రిస్మస్‌నాడు ఎవడు ఏడ్సిండో సంఘమంత చూసింది తియ్."

హనోకు ముఖం మండిపోయింది. చెయ్యి లేవబోయింది గానీ, ఆనందమ్మ ఎదుట నిలబడి ఉందని దాన్ని పెట్టె వైపు తిప్పాడు. దీపస్తంభం కవరు లాగాడు. తేలిగ్గా వచ్చింది. లోపల చెయ్యి పెట్టాడు. ఏమీ లేదు. దేవానందం అప్పటికే గొర్రెల కవరులోంచి నల్లటి రికార్డు బయటికి తీసి చూసుకుంటున్నాడు.

"దొంగ నా కొడకా! నాది ఏడ దాసినవ్?" అని హనోకు అతని కాలరు పట్టుకున్నాడు.

"ఇడువు! ఇడువురా కాలరు!"

"ఆగుండ్రి!" ఆనందమ్మ ఇద్దరి మధ్యకు దూరింది. కోపంగా ఉందో నవ్వొస్తోందో ఆమెకే తెలియనట్టుంది. "ఎవ్వడు దాయలే, ఈ మూటల తొందరల చెప్పుడు నేనే మరిసిన. ఉన్నది ఒక్కటే రికార్డురా. మీ సార్ శుక్రారం గొర్రెలల్లకెల్లి తీసి దీపంల పెడ్తుండె. సోమారం మళ్ల దీపంల నుంచి గొర్రెలల్ల పెడ్తుండె. ఎందుకయ్యా ఈ యవ్వారం అంటె, ఇద్దరికి నచ్చింది ఒక్కటే అని తెలిస్తె ఒక్కదాని కోసం సంపుకుంటరే, రెండున్నయనుకుంటె కొట్లాడుకుంటనన్న బతుకుతరు అనెటోడు."

ఇద్దరూ నమ్మలేదు. ఆమె రికార్డు లాక్కొని ప్లేయరు మీద పెట్టి, రెండో వైపు చివర సూది దించింది. హనోకుకు ఒళ్లు జలదరించింది. అదే గిటారు. ఆరు వారాలుగా వెతుకుతున్నది. తలెత్తి చూస్తే దేవానందం కళ్లు మూసుకొని గాలిలో వేళ్లు ఆడిస్తున్నాడు. పాట అయిపోయాక ఆనందమ్మ సూది ఎత్తింది.

"నెలకొక్కడు ఉంచుకోండ్రి" అంది.

హనోకు ఒప్పుకునేవాడే. దేవానందం ముందు సరేనంటే తానూ సరేననేవాడు. ముందు తానే అనడానికి మాత్రం క్రిస్మస్ నాటి మంట అడ్డొచ్చింది.

దేవానందం కాలరు సర్దుకున్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. "రెండేండ్లు నువ్వు థూ అన్నది దీన్నేనా" అన్నాడు. "నీకు గూడ ఇదే నచ్చిందంటె ఇగ ఇది నాకొద్దు. నీ చెవి సోకింది ఏదీ నాకొద్దు. తీస్కపోయి నెత్తిన పెట్టుకో!" చెప్పులేసుకొని వెళ్లిపోయాడు. పెట్టెలోని మిగతా పదమూడిటి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

హనోకు గెలిచాడు. రికార్డును తువ్వాలలో చుట్టుకొని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకొని దుకాణానికి తెచ్చాడు. మర్నాడు పని మానుకొని బీదర్ బస్సెక్కి మంచి సూది తెచ్చి మైకుసెట్టుకు బిగించాడు. మంగళవారం పొద్దున దుకాణం తలుపు దగ్గరికేసి గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. ఇక ఎవరి దయా అక్కర్లేదు, ఎన్నిసార్లంటే అన్నిసార్లు వినొచ్చు.

ఒకసారి విన్నాడు. రెండోసారి వినేసరికి చిరాకు మొదలైంది. గిటారు వినబోతే రేకుల మీద రాళ్లవానే వినబడుతోంది. నాలుగేళ్లు ఆ డ్రమ్ము అతని చెవిన పడనే లేదు. ఇప్పుడు అదొక్కటే పడుతోంది. వాడి మాట పురుగులా చెవిలో దూరి కూర్చుంది. పళ్లు కొరుకుతూ మళ్లీ సూది వెనక్కి వేశాడు, వాయించాడు, చివరి రెండు నిమిషాల దగ్గర ఎప్పటిలాగే దారి తప్పాడు. పదోసారికి గిటారు పక్కన పెట్టి ఊరికే విన్నాడు. అప్పుడు తెలిసింది. అక్కడ గిటారు సొంతంగా నడవడం లేదు. డ్రమ్ము మలుపు తిరిగితే తాను తిరుగుతోంది, డ్రమ్ము ఆగితే ఆగుతోంది. అది ఒక్కడి వేళ్లకు వచ్చే పాట కాదు. ఎన్నేళ్లు వాయించినా రాదు.

మధ్యాహ్నం రిబ్కమ్మ జొన్నరొట్టెలు మూటగట్టుకొని వచ్చేసరికి మొగుడు ఆగిపోయిన రికార్డు ముందు తల పట్టుకొని ఉన్నాడు.

"ఏందయా, దొరకలేదా గా పాట?" అంది.

"దొరికింది" అన్నాడు హనోకు. "దానికి డోలక్ కొట్టెటోడు కావాలెనే. వాని నోరు పడ, ఖేడ్ల ఒక్కడే ఉన్నడు."