గుండెలో అన్నయ్య సుత్తి

మా అన్నయ్య సుత్తి ఎత్తితే రెండు వీధుల అవతల గోడ గడియారాలు ఆగిపోయి, ఆయన దాన్ని కింద పెట్టాకే మళ్ళీ నడిచేవి. నమ్మకపోతే మానండి. ఆయన కమ్మరి. నేను ఆయనకి సమ్మెట కొట్టేవాణ్ణి, వదిన కొలిమి తిత్తి లాగేది. ఆ చప్పుడులో నోటిమాట ఎవరికి వినబడుతుంది? అన్నయ్య చిన్న సుత్తితో దాగలి దిమ్మ మీద టక్కుమనిపిస్తే, ఎవరు ఏం చెయ్యాలో మాకు తెలిసిపోయేది: గబగబా కొడితే సమ్మెట నాది, ఒక్క దెబ్బ కొట్టి ఈడిస్తే తిత్తి వదినది. నలభై ఏళ్ళు అలాగే మాట్లాడుకున్నాం.

ఆయన పోయిన నెలకి నా గుండెలో ఆ చప్పుడు మొదలైంది. రెండు చిన్నవి, ఒక జారుడు దెబ్బ, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ గబగబా నాలుగు. ఇంకొకరైతే గ్యాసనుకుంటారు. నేను మాత్రం లేచి నిలబడ్డాను. చేతులు సమ్మెట కోసం తడుముకున్నాయి.

వదినకి చెప్పడం నాదే తప్పు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి, నా మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకునేది.

"ఏమంటున్నాడు వదినా?"

"నిన్ను రమ్మంటున్నాడు అబ్బాయీ. పని మిగిలిందట."

"పోయినా పని చెప్పడం మానలేదన్నమాట!"

ఆవిడ నవ్వేది. ఆ నవ్వుతో ఆ పూట గడిచేది.

మా ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు. ఆసుపత్రికి లాక్కుపోయింది. మందులు పనిచెయ్యకపోయేసరికి డాక్టరమ్మ అంది:

"గుండె పైగదులు వణుకుతున్నాయి తాతగారూ. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకెళితే పక్షవాతమే. గజ్జల్లోంచి సన్నటి గొట్టం పంపి, దొంగ కరెంటు పుట్టేచోట చుట్టూ కాలుస్తాం."

"ఎంత వేడి?"

"ఓ అరవై డిగ్రీలు."

"అమ్మా, ఆ వేడికి మా ఇనుము దుప్పటి అడుగుతుంది."

"ముందు కాల్పించుకోండి," అంది మా ఆవిడ. "మీ అన్నయ్య పిలిచాడని మీరూ పోతే నేనేం కావాలి?"

సరేనని తలూపాను.

వదిన మాత్రం నా చెయ్యి వదలకుండా, "కాలిస్తే ఇక మాట్లాడడుగా," అంది.

బల్ల మీద సగం మత్తులో ఉన్నాను. ఒక్కో కాల్పుకీ ఛాతీలో మొద్దు నొప్పి. లోపల సుత్తి గబగబా మోగింది, బతిమాలుతున్నట్టు. ఆపైన ఒక్కసారిగా ఆగిపోయింది. "లయ కుదిరింది!" అందెవరో. నా కళ్ళు కారుతుంటే నొప్పనుకుని ఇంకాస్త మందిచ్చారు.

ఇంటికొచ్చాక వదిన నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు చూసి, "ఎవరూ లేరు," అంది. ఆ తర్వాత రావడం మానేసింది.

అయిదో వారం, ఓ మధ్యాహ్నం కిటికీ దగ్గర గోళ్ళు తీసుకుంటున్నాను. గుండెలో ఒక్క దెబ్బ, వెనకే ఓ ఈడ్పు. కాసేపటికి మళ్ళీ అదే. నేను ఎవరినీ పిలవలేదు. ఇంట్లో ఎవరూ లేరు కూడా. ఇంతలో తలుపు తోసుకుని పక్కింట్లోంచి వదిన వచ్చింది, సబ్బు నురగ చేతులతో, రొప్పుతూ. వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఏం లేదు వదినా, లోపల పుండు మానేదాకా, ఓ మూడు నెలలు, అప్పుడప్పుడూ ఇలా ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇప్పుడే ఫోన్ చేస్తా."

"చెయ్యి," అంది కళ్ళు తెరవకుండానే. ఆవిడ రెండో చెయ్యి గాలిలో పైకీ కిందకీ, తిత్తి లాగుతున్నట్టు, కదులుతోంది.

"నీకేం భయం లేదులే అబ్బాయీ. ఈసారి పిలిచింది నన్ను."