మంచక్క

ఫ్రీజర్ గదిలో మీటరు చూసి, సున్నాకి ఇరవైనాలుగు డిగ్రీలు కింద ఉందని పుస్తకంలో రాసింది మంచక్క. తర్వాత చిన్న చీపురుతో అరల మీద పేరుకున్న తెల్లటి నూగు దులిపింది. అరల నిండా అరవైనాలుగు గొట్టాలు. ఒక్కోదాంట్లో మూరెడు మంచుకడ్డీ. భూమి కొసన, మనిషి కాపురం లేని చోట తవ్వి, ఓడలో తెచ్చినవి.

మంచక్క అన్న పేరు కరెంటు పనాయన పెట్టాడు. "మంచులో ఉండే అక్కవి కదా" అన్నాడు. "మంచిదాన్నని కాదన్నమాట" అని అప్పట్లో ఆమె నవ్వింది.

ఆ మంచు తెచ్చిన యాత్రలో ఆమె భర్త డ్రిల్లు మెకానిక్. నలభై ఏడో రోజున మంచు పగులులో పడిపోయాడు. మంచు వచ్చింది, ఆయన రాలేదు. ఆయన బదులు ఆమెకి ఉద్యోగమిచ్చి, ఆ మంచుకే కాపలా పెట్టారు. పందొమ్మిదేళ్లయింది. ఆ గదిలో నోటి ఆవిరి కాసేపు గాలిలో నిలబడుతుంది. తన ఆవిరి పక్కన ఇంకొకటి లేస్తుందేమోనని ఆమె రోజూ ఓరకంట చూసేది. ఆ సంగతి కూతురికి కూడా చెప్పలేదు.

పదకొండింటికి పెద్దసారు వచ్చాడు. యాత్రకి నాయకుడాయన. రిటైరై చాలా కాలమైంది. చేతిలో ఆఫీసు వాళ్లిచ్చిన కాగితం. గది ఖాళీ చెయ్యాలట, మంచు పారబొయ్యాలట.

"ఎవరూ పరీక్ష చెయ్యకుండానేనా సార్?"

"మొదటి ఏడాదే చేశామమ్మా." ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "తవ్విన చోటే తప్పు. ఓడకి దగ్గరని అక్కడ తవ్వాం. అడుగున మంచు జారుతూ ఉంది. ఏ పొర ఏ కాలానిదో కలగలిసిపోయింది. దీన్నుంచి తెలిసేదేం లేదు. బయల్దేరకముందే నాకు అనుమానం. అందరూ వెళ్తున్నారు, మనమూ వెళ్లాలన్నారు. వెళ్లాం."

"మరి ఇన్నేళ్లూ దాచారెందుకు?"

"మనిషి పోయాడు. ఇది దేనికీ పనికిరాదని నీ మొహం మీద ఎలా చెప్పను?"

ఆమె గ్లౌజు తీసింది. కుడిచేతి రెండు వేళ్ల కొసలు ఎప్పుడో నల్లబడి మొద్దుబారిపోయాయి.

"అప్పుడే చెప్పుంటే వేరే పని చూసుకునేదాన్ని సార్. వేళ్లన్నా మిగిలేవి."

ఆయన లేచి, తనూ మోస్తానన్నాడు.

"వద్దు, జారిపడతారు. కూర్చోండి."

తోపుడుబండి మీద గొట్టాలు పెరట్లోకి చేర్చి, కాలువ పక్క గచ్చు మీద ఒక్కొక్కటే వంచింది. ఎండ తగలగానే మంచు చిటపటలాడింది. ఒకటి రెండు ముక్కలు కరిగే చప్పుడైతే అప్పుడప్పుడూ వినేదే. అన్నీ కలిసేసరికి పక్కగదిలో చాలామంది గుసగుసలాడుతున్నట్టుంది.

"లోపల చిక్కుకున్న పాత గాలి, బయటికొస్తోంది" అన్నాడు పెద్దసారు.

"ఎప్పటిది?"

"అదే తెలీదమ్మా."

ఆమె మోకాళ్ల మీద వంగి, మొహం మంచుకి ఆనించినంత దగ్గరగా పెట్టి గుండెల నిండా పీల్చింది. చల్లగా ఉంది. ఏ వాసనా లేదు. భర్త బీడీ వాసన ఉంటుందని తను ఎదురుచూసినట్టు అప్పుడు తెలిసింది.

మూడున్నరకి కంప్రెసర్ ఆపింది. ఆ మోత ఆగిపోతే చెవులు దిబ్బడేసినట్టయింది. తాళాలు కరెంటు పనాయనకి ఇచ్చింది.

"రేపట్నించి ఏం చేస్తావక్కా?"

"మా ఇంటి మెట్ల మీద ఎండలో కూర్చుంటా."

వెళ్లేముందు గచ్చు కడిగింది. ఏ గొట్టంలోంచో ఒక అట్టముక్క కొట్టుకొచ్చి కాలువ జాలీకి అడ్డం పడింది. తియ్యబోయి, చదివి, చెయ్యి వెనక్కి తీసుకుంది. కోటు అక్కడి మేకుకే తగిలించి, గేటు దాటి వెళ్లిపోయింది. మళ్లీ ఆ వైపు రాలేదు.

జాలీ మీద నీళ్లు అట్టముక్కని కాసేపు ఎత్తుతూ, కాసేపు దించుతూ ఉన్నాయి. దాని మీద డ్రిల్లు మెకానిక్ పెన్సిలు రాత, సగం చెరిగి: "బరువుంది. మెల్లగా దించండి."